వేడిని జ్ఞాపకముంచుకొనే రంగులు

ఉష్ణమాపకం మనకు ఒక్క విషయమే చెప్పగలదు: ఇప్పుడు ఎంత వేడిగా ఉన్నది అని. నిన్న మధ్యాహ్నం ఎంత వేడి తగిలినదో, ఆ వేడి ఎంతసేపు నిలిచినదో దానిని అడిగి లాభం లేదు. పాదరసం ఎక్కుతుంది, దిగుతుంది. దిగిన తరువాత ఎక్కిన గుర్తు మిగలదు. అయితే కొన్ని వస్తువుల విషయంలో మనకు కావలసినది ఇప్పటి వేడి కాదు, గడచిన వేడి. అటువంటి వస్తువులలో ముఖ్యమైనది టీకామందు. సీసాలోని మందు చల్లగా ఉన్నంత మాత్రాన అది మంచిదని చెప్పలేము. దారిలో ఎక్కడో ఒక పూట ఎండలో ఉండి, తిరిగి మంచుపెట్టెలోకి చేరి ఉండవచ్చు. చూపునకు తేడా కనపడదు. రుచిలో, వాసనలో కూడ తేడా ఉండదు.

గడచిన వేడిని చెప్పగల సాధనం కోసం శాస్త్రజ్ఞులు రంగులను ఆశ్రయించారు. వేడికి మారే రంగుల కథ సుమారు మూడువందల సంవత్సరాల నాటిది. ఆ కథకు రాయలసీమలోని మదనపల్లె ప్రాంతంతో ఒక సంబంధం ఉన్నది. కనుక అక్కడినుండే మొదలుపెడదాం.

మదనపల్లె, 1948

సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో గాలి పొడిగా, కొంత చల్లగా ఉంటుంది. క్షయరోగులకు ఇటువంటి గాలి మేలుచేస్తుందని నమ్మిన కాలంలో, క్రైస్తవ మిషనులు కలిసి ఆ ఊరికి చేరువలో ఒక క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పినవి. 1915లో పని ప్రారంభించిన ఆ స్థలానికే ఆరోగ్యవరం అని పేరు వచ్చినది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దానికి తొలి అధిపతి.

క్షయకు టీకా అప్పటికే ఫ్రాన్సులో పుట్టినది. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పదమూడు సంవత్సరాలపాటు ఒక క్షయక్రిమిని పదేపదే పెంచి, దాని బలం తగ్గించి, 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. అదే బి.సి.జి. మన దేశంలో ఈ టీకాను వేయడం 1948 ఆగస్టులో మొదలైనది. ఆ తొలి ప్రయత్నానికి మదనపల్లె వేదిక అయినది. అదే సంవత్సరం మద్రాసు గిండీలో బి.సి.జి. మందు తయారుచేసే ప్రయోగశాల ఏర్పడినది. 1950 తరువాత మదనపల్లె చుట్టుపట్ల గ్రామాలలో బి.సి.జి. ఎంత రక్షణ ఇస్తుందో తెలుసుకొనేందుకు పెద్ద పరిశీలన జరిగినది. టీకా వేసినవారిని, వేయనివారిని సుమారు రెండు దశాబ్దాలపాటు వైద్యులు కనిపెట్టి చూశారు.

ఇప్పుడు ఆ కాలపు కష్టాన్ని ఊహించండి. బి.సి.జి. మందులో ఉండేవి సజీవ క్రిములు. అవి బ్రతికి ఉంటేనే శరీరం వాటిని చూచి రక్షణ నేర్చుకొంటుంది. అప్పటి మందు ద్రవరూపంలో ఉండేది. చల్లని చోట, చీకటిలో ఉంచినా సుమారు రెండు వారాలకు మించి పనికివచ్చేది కాదు. గిండీనుండి రైలులో, రైలునుండి బస్సులో, బస్సు దిగి బండిలోనో కాలినడకనో పల్లెకు చేరాలి. మదనపల్లె దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే బి.కొత్తకోట, ములకలచెరువు, పెద్దతిప్పసముద్రం వంటి ఊళ్లు. పేరులో సముద్రం ఉన్నా అది చెరువే. వేసవిలో ఆ చెరువుల నేలలు నెర్రెలు విచ్చుతాయి. అటువంటి ఎండలో మంచుగడ్డ కరిగే లోపల మందు బిడ్డకు చేరాలి.

ఆలస్యమైతే ఏమవుతుంది? పైకి ఏమీ కాదు. సూది పడుతుంది, చీటీ వ్రాస్తారు, బిడ్డకు టీకా వేసినట్లు లెక్కలోకి ఎక్కుతుంది. కాని రక్షణ మాత్రం రాదు. తరువాత ఆ బిడ్డకు రోగం వస్తే తల్లి మందును తప్పుపడుతుంది. ఊరు మొత్తం టీకానే నమ్మడం మానివేస్తుంది. వేడి తిన్న మందు చేసే అసలు నష్టం ఇదే.

ద్రవరూపంలోని మందును ఘనీభవింపజేసి, తేమ లాగివేసి పొడిగా మార్చే పద్ధతి తరువాత వచ్చినది. లండనులోని లిస్టర్ సంస్థలో కోలియర్ 1950-60 మధ్య ఈ పద్ధతితో మశూచి టీకాను వేడికి తట్టుకొనేటట్లు చేయగలిగాడు. మశూచి నిర్మూలనకు అది గొప్ప ఆధారమైనది. బి.సి.జి.ని కూడ పొడిగా తయారుచేస్తున్నారు. కాని అన్ని మందులకూ ఈ పద్ధతి అంత మేలు చేయలేదు. పోలియో చుక్కలమందు ద్రవమే. వాడుకలోని టీకాలలో వేడికి అందరికంటె ముందుగా లొంగిపోయేది కూడ అదే. కనుక ప్రశ్న మిగిలే ఉన్నది: ఈ సీసా ఎంత వేడి తిన్నది?

మరచిపోయే రంగులు

వేడికి రంగు మారడం మన పాఠశాల ప్రయోగశాలలోనే చూడవచ్చు. తెల్లని జింకు ఆక్సైడును పరీక్షనాళికలో వేడిచేస్తే పసుపుపచ్చగా మారుతుంది. చల్లారితే తిరిగి తెల్లనవుతుంది. మైలుతుత్తం స్ఫటికాలను వేడిచేస్తే నీటిని కోల్పోయి నీలిరంగు పోయి తెల్లని పొడి అవుతుంది. రెండు చుక్కల నీరు పోస్తే నీలం తిరిగివస్తుంది.

ఈ విద్యను వినోదంగా మార్చినవాడు ఫ్రెంచి రసాయనికుడు ఝాఁ ఎల్లో. కోబాల్టు ఖనిజంనుండి తీసిన ద్రావణంతో వ్రాసిన అక్షరాలు కాగితంపై కనిపించవనీ, వేడి చూపితే నీలాకుపచ్చగా వెలుస్తాయనీ, చల్లారితే గాలిలోని తేమను పీల్చుకొని మరల మాయమవుతాయనీ అతడు 1737లో ప్రకటించాడు. ఆ తరువాత ఐరోపాలో నిప్పుగూటి ముందు పెట్టే తెరలపై ఈ సిరాతో చిత్రాలు వేసేవారు. చల్లగా ఉన్నప్పుడు ఆకురాలిన చెట్లు, మంచు. నిప్పు రాజుకొనగానే చెట్లకు పచ్చని ఆకులు.

చిత్రం వేడుకగానే ఉన్నది. కాని మన ప్రశ్నకు ఇది జవాబు కాదు. నిప్పు చల్లారితే తెర మరల శిశిరంలోకి పోతుంది. ఈ రంగులు వేడిని గుర్తిస్తాయి గాని జ్ఞాపకముంచుకోవు. ఉష్ణమాపకం ఎటువంటిదో ఇవీ అటువంటివే.

బారులు తీరిన అణువులు

1888లో ప్రాగు నగరంలో రైనిట్సర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్ బెంజొయేటు అనే పదార్థాన్ని కరిగించి చూస్తున్నాడు. అది 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి మసకద్రవం అయినది. 178.5 డిగ్రీల వద్ద ఆ మసక కూడ పోయి తేటద్రవం అయినది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు! పైగా చల్లారేటప్పుడు దానిలో నీలి, ఊదా కాంతులు మెరిసినవి. ఆశ్చర్యపడి రైనిట్సర్ జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు లేమన్‌కు వ్రాశాడు. ద్రవంవలె పారుతూ స్ఫటికంవలె క్రమం కలిగిన ఈ స్థితికి ద్రవస్ఫటికం అనే పేరు లేమన్ చలువే.

ఆ రంగులు ఎక్కడివి? ఆ పదార్థం యొక్క అణువులో రంగు లేదు. రంగు ఉన్నది అణువుల కూర్పులో. అణువులు పొరలు పొరలుగా, ఒక్కొక్క పొర ప్రక్క పొరకంటె కొంచెం మెలితిరిగి నిలుస్తాయి, గాలిగోపురంలోని మెట్లచుట్టువలె. ఒక పూర్తి మెలిక పొడవు కాంతి తరంగదైర్ఘ్యంతో సరితూగితే ఆ రంగు కాంతి వెనుకకు ప్రతిఫలిస్తుంది. వేడి మారితే మెలిక బిగుస్తుంది లేదా సడలుతుంది. దానితోపాటు రంగు మారుతుంది. 1960 ప్రాంతంలో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థలో ఫెర్గసన్ ఈ గుణాన్ని ఉపయోగించి వేడిని రంగులలో చూపే సాధనాలను రూపొందించాడు. నుదుటికి అంటించి జ్వరం చూచే పట్టీలు ఈ కోవకు చెందినవే.

ఈ శాఖలో మన దక్షిణదేశానికి గొప్ప వాటా ఉన్నది. మదనపల్లెకు పొరుగుననే ఉన్న బెంగుళూరులో, రామన్ పరిశోధనాలయంలో, ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేష్ 1977లో ఒక కొత్త విషయం కనుగొన్నారు. అప్పటివరకు ద్రవస్ఫటికాలు పుల్లలవంటి పొడుగాటి అణువులతోనే ఏర్పడుతాయనుకొనేవారు. బిళ్ళలవంటి చదునైన అణువులు కూడ నాణేల దొంతరలవలె ఒకదానిపై ఒకటి పేరుకొని ద్రవస్ఫటికం కాగలవని వీరు చూపించారు. తెలుగునాట గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయంలో కూడ ద్రవస్ఫటికాలపై పరిశోధన సాగినది.

ఒక అణువులోపల పరమాణువులను కట్టే బంధాలు గట్టివి. అణువుకు అణువుకు మధ్య ఉండే ఆకర్షణలు బలహీనమైనవి. ఆ బలహీనమైన ఆకర్షణలతోనే అణువులు తమంతట తాము బారులు తీరడం, దొంతరలు కావడం, గూళ్లు కట్టడం గురించిన రసాయనశాస్త్రానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఝాఁ మారీ లేన్ 1978లో ప్రత్యేకమైన పేరు పెట్టాడు. తెలుగులో దానిని అణువులకు ఆవలి రసాయనశాస్త్రం అనవచ్చు. 1987లో లేన్‌కు, పెడర్సన్, క్రామ్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించినది. కూర్పు మారితే గుణం మారుతుందనేది ఈ శాస్త్రానికి మూలసూత్రం.

అయితే ద్రవస్ఫటికం కూడ మరచిపోయేదే. మెలిక సడలుతుంది, మరల బిగుస్తుంది. మందు సీసాకు కావలసిన జ్ఞాపకశక్తి ఇంకొక చోట దొరికినది.

చేతులు కలిపే అణువులు

మదనపల్లె మార్కెట్టుకు వచ్చే టమాటాను చూడండి. దోరకాయ ఇంటిలో ఉంచితే త్వరగా ఎర్రబడుతుంది. చల్లని చోట ఉంచితే ఆలస్యంగా ఎర్రబడుతుంది. కాని ఒకసారి ఎర్రబడినది, ఎంత చల్లని చోట పెట్టినా తిరిగి ఆకుపచ్చ కాదు. కాలమూ వేడీ రెండూ కలిసి దాని రంగులో చేరి నిలిచిపోయినవి. టీకాసీసాకు కావలసినది ఇటువంటి రంగే.

1964లో ఇజ్రాయెలు దేశపు వైజ్‌మన్ సంస్థలో ష్మిట్, అతని సహచరులు ఒక విచిత్రం గమనించారు. సినమిక్ ఆమ్లపు స్ఫటికాలు ఒకటికి మించిన రూపాలలో దొరుకుతాయి. అణువు ఒకటే, పేర్పు వేరు. వెలుతురు సోకినప్పుడు ఒక రూపంలో అణువులు జంటలు కట్టి ఒక పదార్థాన్ని ఇస్తాయి, వేరొక రూపంలో ఇంకొక పదార్థాన్ని ఇస్తాయి, మరొక రూపంలో ఏ మార్పూ లేక ఊరకుంటాయి. అనగా చర్య జరుగుతుందా లేదా అనేది ప్రక్క అణువు ఎంత దూరంలో, ఏ వాలులో ఉన్నదనే దానిపై ఆధారపడి ఉన్నదన్నమాట.

1969లో జర్మను శాస్త్రజ్ఞుడు వేగ్నర్ ఈ సూత్రాన్ని డైఎసిటిలీన్లలో చూశాడు. కార్బైడు దీపంలో వెలిగే ఎసిటిలీన్ వాయువు విద్యార్థులు ఎరిగినదే. దాని అణువులో రెండు కర్బన పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి. అటువంటి త్రిబంధాలు రెండు ప్రక్కప్రక్కన ఉన్న అణువు డైఎసిటిలీన్. ఇవి స్ఫటికంలో నిచ్చెనమెట్లవలె ఏటవాలుగా, సుమారు 5 ఆంగ్‌స్ట్రాముల దూరంలో పేర్చుకొని ఉంటే, వేడికిగాని అతినీలలోహిత కాంతికిగాని ప్రతి అణువు తన పొరుగు అణువుతో చేయి కలుపుతుంది. చేతులు కలిపిన అణువులు పొడుగాటి గొలుసు అవుతాయి.

విడిగా ఉన్నప్పుడు ఆ అణువులకు రంగు లేదు. గొలుసు ఏర్పడగానే చిక్కని రంగు వస్తుంది. గొలుసు పొడుగునా ఒకటి విడిచి ఒకటిగా ఏకబంధాలు, బహుబంధాలు ఉండుటచేత ఎలక్ట్రానులు దాని వెంట విస్తరించి కంటికి కనపడే కాంతిని మ్రింగుతాయి. టమాటాలోని ఎరుపుకు కారణం కూడ ఇంచుమించు ఇదే: లైకోపీను అనే పదార్థంలో పదకొండు ద్విబంధాలు ఇట్లే ఒకటి విడిచి ఒకటిగా వరుసలో ఉంటాయి.

కలిసిన చేతులు విడిపోవు. చల్లార్చినా గొలుసు గొలుసుగానే ఉంటుంది. ప్రతి గంట వేడికీ మరికొన్ని అణువులు చేరుతాయి, రంగు మరికొంత చిక్కబడుతుంది. ఈ గుణాన్ని పనిలో పెట్టి, వస్తువు గడిపిన వేడి చరిత్రను చూపే సూచికకు అమెరికాలోని అలైడ్ కెమికల్ సంస్థకు చెందిన పటేల్, ప్రెజియోసి, బాఫ్‌మన్ 1976లో పేటెంటు పొందారు.

సీసాపైన చిన్న చతురస్రం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో పిల్లలకు టీకాలు వేసే విస్తృత కార్యక్రమాన్ని ప్రారంభించినది. మన దేశం 1978లో దానిని చేపట్టినది. తయారీశాలనుండి పల్లెవరకు మందును చల్లగా చేర్చే శీతల గొలుసు ఏర్పడినది. గొలుసులో ఒక్క లంకె తెగినదని అనుమానం వచ్చినా ఏది మంచిమందో ఏది చెడినదో తెలియక అంతా పారవేయవలసి వచ్చేది. లేదా తెలియక చెడినదానినే వాడవలసి వచ్చేది. డైఎసిటిలీన్ సూచికను సీసాకు తగినట్లు మలచి, అనేక దేశాలలో పరీక్షించి, 1996లో పోలియో చుక్కలమందు సీసాలకు అంటించడం మొదలుపెట్టారు. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇతర టీకాలకు కూడ దీనిని కోరినవి. ఆరోగ్య కార్యకర్తలు దీనిని వి.వి.ఎం. అని పిలుస్తారు.

దీనిని చదవడానికి లెక్కలు అక్కరలేదు. ఊదారంగు వలయం, దాని మధ్య లేతరంగు చతురస్రం. వలయం రంగు మారదు. అది పోల్చి చూచుటకు మాత్రమే. చతురస్రంలో ఉన్నది డైఎసిటిలీన్. అది వలయంకంటె లేతగా ఉన్నంతవరకు, గడువు తేది దాటకపోతే, మందును వాడవచ్చు. రెండూ ఒకే రంగు అయితే, లేదా చతురస్రమే చిక్కనైతే, సీసాను ప్రక్కన పెట్టవలసినదే.

చతురస్రం చిక్కబడే వేగం మందు బలం తగ్గే వేగంతో సరిపోవాలి. అన్ని మందులూ ఒకే తీరున చెడవు కనుక సూచికలను పలు తరగతులుగా చేశారు: 2, 7, 14, 30 వంటివి. ఈ అంకెలు 37 డిగ్రీల వద్ద సూచిక ఎన్ని రోజులలో హద్దుకు చేరుతుందో చెపుతాయి. పోలియో చుక్కలమందుది 2వ తరగతి.

ఉపాధ్యాయులు తరగతిలో వేయించదగిన లెక్క ఒకటి ఇక్కడ ఉన్నది. రెండవ తరగతి సూచిక 37 డిగ్రీల వద్ద 2 రోజులకు, 5 డిగ్రీల వద్ద 225 రోజులకు హద్దు చేరుతుంది. 225ను 2చే భాగిస్తే సుమారు 112. అనగా 32 డిగ్రీల తేడాకు వేగం 112 రెట్లు పెరిగినది. ప్రతి 10 డిగ్రీలకు నాలుగు రెట్లకు మించి పెరిగినదన్నమాట. పది డిగ్రీలకు చర్యావేగం రెట్టింపవుతుందని మనం చెప్పుకొనే స్థూలసూత్రంకంటె ఇది చాల ఎక్కువ. వేడికీ చర్యావేగానికీ గల సంబంధాన్ని 1889లో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ సూత్రీకరించాడు. ఆ సూత్రాన్నే ఈ చతురస్రం నడిచి చూపుతున్నది. ఇంకొక విధంగా చూడండి. పెద్దతిప్పసముద్రం వంటి చోట వేసవిలో, 37 డిగ్రీల నీడలో ఒక్క రోజు మరచిపోయిన పోలియోసీసా, చల్లని పెట్టెలో గడపవలసిన 112 రోజుల ఆయుస్సును పోగొట్టుకొంటుంది. మిగిలిన సగం ఆయుస్సు మాత్రం దానికి ఉన్నది. సీసాను వెంటనే చల్లని చోటికి చేరిస్తే పనికివస్తుంది. ఆ సంగతి చూచి చెప్పగలగడం వల్లనే మంచిమందును వృథాగా పారవేయడం తగ్గినది.

1995లో మొదలైన పల్స్ పోలియో దినాలలో చుక్కలమందు బస్టాండులకు, సంతలకు, ఇంటి గడపలకు వెళ్ళినది. మన దేశంలో సహజ పోలియో వైరసు వల్ల చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరాలో కనిపించినది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోనుండి విముక్తమైనదని ధ్రువీకరించారు. ఈ విజయం లక్షల కార్యకర్తలది. వారి చేతిలోని సీసాలో మందు బ్రతికే ఉన్నదని చెప్పిన చిన్న చతురస్రానికి కూడ అందులో కొంత భాగం ఉన్నది.

సూచిక హద్దులు

ఏ సాధనానికైనా అది చెప్పలేనిది ఏమిటో తెలిసి ఉండాలి. ఈ చతురస్రం వేడిని మాత్రమే జ్ఞాపకముంచుకొంటుంది. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాల వంటివి గడ్డకడితే చెడిపోతాయి. ఆ సంగతి సూచిక చెప్పదు. మంచుగడ్డకు తగిలించి ఉంచిన సీసాపై చతురస్రం చక్కగా లేతగానే ఉంటుంది, లోపల మందు మాత్రం చెడి ఉంటుంది. గడ్డకట్టిందని అనుమానం ఉంటే సీసాను కుదిపి, మడ్డి ఎంత త్వరగా దిగుతుందో చూచే పరీక్ష వేరే ఉన్నది. అట్లే బి.సి.జి. వంటి పొడిమందులకు సూచిక మూతపైననే ఉంటుంది. మూత తీసి నీరు కలిపిన తరువాత దాని సాక్ష్యం చెల్లదు. కలిపిన మందును కొద్ది గంటలలో వాడి, మిగిలినది పారవేయాలి.

పరిశోధన ఇక్కడ ఆగలేదు. డైఎసిటిలీన్ గొలుసులలో ముందు వచ్చే నీలిరంగు, మరింత వేడికి ఎరుపుగా మారుతుంది; గొలుసు నలిగి వంగడం దీనికి కారణం. గొలుసుల ప్రక్కన హైడ్రోజను బంధాలను గట్టిగా కూర్చితే ఆ ఎరుపు చల్లారినప్పుడు తిరిగి నీలం అయ్యేటట్లు చేయవచ్చు. సడలిస్తే ఎరుపు నిలిచిపోతుంది. అనగా మరపునూ జ్ఞాపకాన్నీ శాస్త్రజ్ఞుడు తన ఇష్టానుసారం కూర్చగలడు. 1993లో డెబొరా చారిచ్, ఆమె సహచరులు ఇన్‌ఫ్లుయెంజా వైరసు అంటుకొనగానే నీలంనుండి ఎరుపుకు మారే పొరను తయారుచేశారు. వేడిని చూపే రంగు రోగాన్ని కూడ చూపగలదని దీనివల్ల తేలినది.

నిప్పుగూటి తెరమీది చిత్రాలతో మొదలైన విద్య చివరకు పసిబిడ్డ నోటిలో పడే రెండు చుక్కలకు కాపలా కాస్తున్నది. ఎల్లో సిరాకు, రైనిట్సర్ మసకద్రవానికి, వేగ్నర్ స్ఫటికానికి ఉన్న తేడా అణువులు ఒకదాని ప్రక్క ఒకటి ఎట్లు నిలిచినవనేదే. ఈసారి మీ ఊరి ఆరోగ్యకేంద్రంలో టీకాలు వేసే రోజున విద్యార్థులు ఆ సీసాను చూపించమని అడగవచ్చు. చతురస్రం లేతగా ఉన్నదా, చిక్కగా ఉన్నదా అని చూడడం తల్లికి కూడ నేర్పవచ్చు. గిండీనుండి మదనపల్లెకు మంచుగడ్డలతో పరుగెత్తిన తరంవారికి లేని ఆ సౌకర్యం నేడు మన కంటి ఎదుట ఉన్నది. చూచి వాడుకొనడమే మనం చేయవలసిన పని.